డ్రమ్ములు తీసేసిన వానాకాలం

నా భార్య పోయిన ఎనిమిది నెలలకు మా అమ్మాయి ట్రాలీ బ్రేకుల గురించి మాట్లాడటానికి నా ఎదురుగా కూర్చుంది. వేరే విషయమైతే కూర్చునేది కాదు.

ఆ రోజు తొలి వాన పడింది. వ్యానూ, దానికి తగిలించిన ట్రాలీ గేటు బయటే వదిలేసి లోపలికి వచ్చింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది. తువ్వాలు ఇవ్వబోయాను. అక్కర్లేదంది.

"ఇవాళ కొద్దిలో తప్పింది నాన్నా."

"ఏంటి తప్పింది?"

"పాలాయన సైకిలు. సిగ్నల్ దగ్గర బ్రేకు వేశాను. వ్యాను ఆగింది, ట్రాలీ ఆగలేదు. వెనకనుంచి ఒక్క తోపు తోసింది. ఆయన పక్కకి దూకాడు కాబట్టి సరిపోయింది."

"బ్రేకు డ్రమ్ముల్లోకి నీళ్లు పోయుంటాయి. వానలో అంతే. బ్రేకు మీద కాలు కాస్త ఆనించి కొంత దూరం నడిపితే ఆరిపోతాయి."

"అమ్మకీ ఇదే చెప్పేవాడివి."

తువ్వాలు మడిచి కుర్చీ మీద వేశాను.

ట్రాలీ అంటే పెద్దదేమీ కాదు. రెండు చక్రాలు, ఇనుప చట్రం, పక్కలకు చెక్కలు, మొక్కలు పెట్టడానికి రెండు వరసల అరలు. నా భార్య ఇరవై ఏళ్లు దాని మీదే మొక్కలు అమ్మింది. ఇంటి వెనక ఆకుపచ్చ వల కింద పెంచేది, వారానికి రెండు రోజులు వ్యానుకు తగిలించి పట్నం సంతకు తీసుకెళ్లేది. నేను లారీల షెడ్డులో మేస్త్రీని. ఆమె పని ఆమెది, నా పని నాది. ఇద్దరం కలిసేది ట్రాలీ దగ్గరే. ఆమె చెడగొట్టేది, నేను బాగుచేసేవాణ్ణి. ఇది నేను చెప్పే మాట. ఆమె మాట వేరేగా ఉండేది.

ఆమె పోయాక ఆ పని అమ్మాయి ఎత్తుకుంది. అమ్మాయి కాపురం కొండకు అవతల. ఇటు ఏడు మలుపుల ఎక్కుడు, అటు తొమ్మిది మలుపుల దిగుడు. ఆ బ్రేకులతో ట్రాలీని కొండ దాటించడం కుదరదు. అందుకని గురువారం వ్యానులో ఒక్కతే వచ్చి, నా దగ్గర ట్రాలీ తగిలించుకుని, మొక్కలు ఎక్కించుకుని సంతకు పోయేది. శనివారం ఖాళీ ట్రాలీ నా పెరట్లో పెట్టి కొండ దాటి వెళ్లిపోయేది. వారానికి రెండుసార్లు నా గేటు తెరుచుకునేది. ఆ రెండుసార్లూ మా మాటలు ఇవే.

"తాళం."

"గోడకి ఉంది."

"నీళ్లు పోశావా?"

"పోశాను."

దీనికి కారణం నేనే. వాళ్లమ్మ పోయిన రోజు, వచ్చిన వాళ్లందరి ముందూ అమ్మాయిని ఒక మాటన్నాను. మూడు రోజులు నీకోసం గుమ్మం వైపే చూసింది, నువ్వు రాలేదు అని. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయిన సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"డిస్కు బ్రేకులు వేయిద్దాం," అంది అమ్మాయి ఆ వానరోజు. "నీళ్లు పడినా డిస్కు విదిలించేస్తుందట. ఎంత దిగుడులోనైనా పట్టు తప్పదట. పార్టుల దుకాణం ఆయన చెప్పాడు."

"ఎవడు, బేరింగా? వాడికి అమ్ముడు పోవాలిగా మరి."

"డిస్కులు పడితే ట్రాలీ మా ఇంటికి తీసుకెళ్లిపోతాను. మొక్కలు కూడా కొన్ని కొన్నిగా చేరేస్తాను. అటువైపు రెండు సంతలున్నాయి. ఇంత దూరం తిరగక్కర్లేదు."

చివరి మాట నన్ను చూస్తూ అనలేదు. గోడకున్న తాళం చెవిని చూస్తూ అంది.

"దుకాణం పక్క షెడ్డులో వేస్తారట. ఒక్క రోజు పని."

"నేనుండగా నా ట్రాలీ మీద ఇంకొకడి చెయ్యెందుకు? నేనే వేస్తాను."

"నీది కాదు, అమ్మది."

"అమ్మదే. వేసేది మాత్రం నేను."

"సరే," అంది. "నీ చెయ్యయితే నాకూ ధైర్యమే."

*

బేరింగుకి ఆ పేరు ఊరు పెట్టింది. మనిషి గుండ్రంగా ఉంటాడు, ఒకచోట నిలవడు. నేను దుకాణం మెట్లెక్కుతుంటేనే మొదలుపెట్టాడు.

"డ్రమ్ముల మేస్త్రీ డిస్కులడుగుతున్నాడంటే ఈ ఏడు వాన గట్టిగానే పడుతుంది. ఎవరక్కడ, గొడుగు తీసి దగ్గర పెట్టండి."

"మాటలు తగ్గించి సామాను తీయి."

తీశాడు. రెండు డిస్కులు, వాటిని పట్టి నొక్కే రెండు కాలిపర్లు, ప్యాడ్లు, సీళ్లు, కొత్త గొట్టాలు. బల్ల మీద ఒక్కొక్కటే పెడుతూ, "వ్యానుకు తగిలించే కొక్కెం పాతదేనా?" అన్నాడు.

"దానికేం రోగం?"

"రోగం లేదు. కానీ మాస్టర్ సిలిండర్ మూతి దగ్గర ఇత్తడి నట్టు ఉంటుంది చూడు. దాని కింద చిన్న వాల్వు. రబ్బరుది, శనగగింజంత. అది పీకి పారెయ్యి."

"ముప్ఫై ఏళ్లు బ్రేకులు విప్పినవాడికి పాఠమా?"

"పాఠమే. ముప్ఫై ఏళ్లూ నువ్వు విప్పింది డ్రమ్ములు. ఆ వాల్వు డ్రమ్ముకి చుట్టం, డిస్కుకి శత్రువు. మర్చిపోకు మేస్త్రీ, పాప నడిపే బండి అది."

వాడు చెప్పింది నిజమే. ఈ ట్రాలీకి విడిగా పెడల్ ఉండదు. ముందు వ్యాను ఆగితే ట్రాలీ తన బరువుతో ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకి కొక్కెం వెనకున్న సిలిండర్ నొక్కుకుని, ఆయిల్ గొట్టాల్లోంచి చక్రాలకు పోయి బ్రేకు పడుతుంది. ఆ వాల్వు పని, తోపు ఆగాక కూడా గొట్టంలో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచడం. డ్రమ్ములో లోపలి షూలను వెనక్కి లాగే గట్టి స్ప్రింగులుంటాయి కాబట్టి ఆ కాస్త ఒత్తిడి ఏమీ చేయదు. డిస్కుకి అలాంటి స్ప్రింగులు లేవు. ఆ కాస్త ఒత్తిడికే ప్యాడ్లు డిస్కుని వదలకుండా పట్టుకునే ఉంటాయి. బ్రేకు వేయకపోయినా వేసినట్టే. వేడెక్కుతుంది. ఎక్కుడు దారిలో అయితే నాలుగైదు మలుపులకే కాలిన వాసన కొడుతుంది.

ఇదంతా నాకు బేరింగు చెప్పకముందు తెలియదు. చెప్పాక బాగా తెలుసు.

*

డ్రమ్ములు విప్పడానికి రెండు రోజులు పట్టింది. తుప్పు పట్టి చక్రం మధ్యలోని హబ్బుకి అతుక్కుపోయాయి. సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ రావాలి. ఒకచోటే కొడితే పగులుతుంది. ఎదురింటి టైలరమ్మ కుట్టు మిషను ఆపి అరుగు మీదకి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ ఇనుమేం పాపం చేసిందని అలా బాదుతున్నారు?"

"మీ మిషను చప్పుడు గురించి నేనెప్పుడైనా అన్నానా?"

"మీరనలేదు. వదినగారు అనేవారు. రోజూ." నవ్వింది. నేను నవ్వకపోయేసరికి లోపలికి పోయింది.

డ్రమ్ము ఊడి చేతికొచ్చింది. లోపల నల్లటి పొడి, దాంతో కలిసి ఎండిన కుండీ మట్టి. షూల మీద లైనర్లు ఒక పక్కన రేకు తేలేదాకా అరిగాయి. నా భార్య రెండేళ్లు చెబుతూనే ఉంది, దిగుడులో ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టుంది అని. నువ్వు నడిపే తీరు అలాంటిది అనేవాణ్ణి. విప్పి చూస్తే పూట పని. విప్పలేదు.

పాత ప్లేట్లు పీకేసి, ఇరుసు రుద్ది, కొత్త హబ్బుల్లో గ్రీజు పట్టించి, డిస్కులు ఎక్కించాను. కాలిపర్లు బిగించాను. కొత్త గొట్టాలు వేశాను. డిస్కు పని డ్రమ్ము కన్నా సులువు. అన్నీ కంటికి కనపడతాయి, ఏదీ మూతకింద దాక్కోదు.

మూడో రోజు పొద్దున కొక్కెం దగ్గర కూర్చున్నాను. ఇత్తడి నట్టు మీద స్పానరు పెట్టాను.

అప్పుడు లెక్క వేసుకున్నాను. వాల్వు తీస్తే ట్రాలీ కొండ దాటుతుంది, గేటు ఇక తెరుచుకోదు. తీయకపోతే నాలుగో మలుపులో వాసన కొడుతుంది. అమ్మాయి ఆపి చూస్తుంది, భయపడి వెనక్కి తిప్పుతుంది. ఈ కొక్కేనికి డిస్కులు పనికిరావని నేను చెబుతాను. డ్రమ్ములకే కొత్త లైనర్లు వేసిస్తాను. గురువారం, శనివారం. ఎప్పట్లాగే. ఎవరికీ ఏమీ కాదు. ఎక్కుడులో ఏ బండి పరుగెత్తుతుంది గనక?

స్పానరు తీసేశాను. నట్టుకు గొట్టం బిగించేశాను.

మిగిలింది గాలి తీయడం. గొట్టాల్లో కొత్త ఆయిల్ పోశాక గాలి బుడగలు ఉండిపోతాయి. అవి పోయేదాకా బ్రేకు గట్టిపడదు. దానికి ఇద్దరు కావాలి. ఒకరు కొక్కెం దగ్గర నొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర పడుకుని గాలి బయటికి పోయే చిన్న నిప్పిల్ వదులు చేసి మళ్లీ బిగించాలి. ఇరవై ఏళ్లు నొక్కింది నా భార్య. తిట్టుకుంటూ నొక్కేది. నేను తిడుతూ బిగించేవాణ్ణి.

టైలరమ్మకి ఇది కూడా తెలుసు. "నేను రానా అన్నయ్యగారూ? రోజంతా మిషను తొక్కే కాలు నాది."

"ఇది చేత్తో నొక్కేది."

"చేతులూ ఉన్నాయండీ, రెండున్నాయి."

"అక్కర్లేదు."

కొక్కెం దగ్గర నొక్కి, కడ్డీ అడ్డం పెట్టి, బెల్టుతో బిగించి కట్టి, లేచి చక్రం దగ్గరికి వెళ్లి, పడుకుని, నిప్పిల్ వదులు చేసి, బిగించి, లేచి, మళ్లీ కొక్కెం దగ్గరికి. ఒక్కో చక్రానికి ముప్ఫైసార్లు. ఇద్దరుంటే అరగంట పని. నాకు సాయంత్రమయింది. నడుం పట్టేసింది. అన్నం వండుకోలేదు.

*

గురువారం అమ్మాయి వచ్చింది. ట్రాలీ జాకీ మీదే ఉంది. ఒక చక్రం చేత్తో తిప్పి చూసింది. వాళ్లమ్మ కూడా అంతే, చెప్పింది నమ్మేది కాదు, తిప్పి చూసేది.

"బిగుతుగా ఉందేంటి?"

"కొత్త ప్యాడ్లు. అరిగితే సర్దుకుంటాయి."

"సరే."

అంతటితో పోయి ఉంటే బాగుండేది. కొన్ని మొక్కలు ఎక్కించి, తాడు కట్టి, చెయ్యి కడుక్కుంటూ అడిగింది.

"తిన్నావా?"

ఎనిమిది నెలల్లో ఆ మాట అడగడం అదే మొదలు. "తిన్నాను," అన్నాను. తినలేదు.

"చిక్కిపోయావు. వచ్చేవారం రెండు కూరలు చేసి తెస్తాలే. ట్రాలీతో పనుండదు కానీ, మిగిలిన మొక్కల కోసం వ్యానేసుకుని రావాలిగా."

వ్యాను కదిలింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆపొచ్చు. చెయ్యెత్తితే చాలు. ఎత్తాను కూడా. అద్దంలో చూసింది. పోయిరమ్మంటున్నాననుకుంది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపి, సందు మలుపు తిరిగిపోయింది.

పది గంటలకల్లా వెనక్కి రావాలి, నా లెక్క ప్రకారం. పదకొండు అయింది. కుండీలకు నీళ్లు పోశాను. వాన పడుతూనే ఉంది, అయినా పోశాను. పన్నెండింటికి ఫోను చేస్తే అందుబాటులో లేదంది. కొండ మీద సిగ్నల్ ఉండదు. ఒంటిగంటకి రోడ్డెక్కి నిలబడ్డాను. మా షెడ్డులో బండి చేయించుకునే లారీ డ్రైవరు ఒకడు ఆపాడు.

"ఎక్కడికి మేస్త్రీగారూ ఈ వానలో?"

"కొండ మీదికి. మా అమ్మాయి."

"ఏమైంది?"

"ఏం కాలేదు. పోనీయి."

ఏడు మలుపులూ చూశాను. ఎక్కడా లేదు. కొండ నెత్తి మీద కూడా లేదు. లారీ అవతలి వైపు దిగుడులోకి తిరిగింది. రెండో మలుపులో వాసన ముందు తగిలింది. తర్వాత వ్యాను కనపడింది. ఎడమ పక్కంతా కొండరాయికి రాసుకుపోయి ఆగి ఉంది. కుడి పక్కన రోడ్డు, రోడ్డుకి అవతల ఏమీ లేదు.

అమ్మాయి ఒక రాతి మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది.

"దెబ్బలేమైనా..."

"లేవు."

"వాసన రాలేదా? ఎక్కుడులో వాసన వచ్చి ఉండాలే?"

"వచ్చింది. ఐదో మలుపులోనే వచ్చింది. కొత్త ప్యాడ్లు అరిగితే సర్దుకుంటాయన్నావుగా. అరుగుతున్నాయేమో అనుకున్నాను. అందుకే ఆపలేదు."

నేను ట్రాలీ దగ్గర కూర్చున్నాను. డిస్కులు నీలంగా మారాయి. గ్రీజు కరిగి చక్రం మీద కారింది. ఆ వేడికి ఆయిల్ మరిగిపోయి, దిగుడులో బ్రేకు అవసరమైనప్పుడు బ్రేకు లేదు. ట్రాలీ వ్యానును తోసింది. అమ్మాయి గేరు తగ్గించి రాయికి రాసి ఆపింది. ఇంకొకరైతే కుడికి తిప్పేవారు.

యంత్రం సంగతి నేను సరిగ్గానే లెక్కేశాను. నా మాట ఆమె నమ్ముతుందన్నది లెక్కలో వేయలేదు.

"ఆ బేరింగు ఇచ్చింది చెత్త సరుకు నాన్నా," అంది నా వెనక నిలబడి. "రేపు వాడి సంగతి చెబుతాను. నీ పనిలో తప్పుండదు. అమ్మ ఎన్ని తిట్టినా ఆ ఒక్క మాట అనలేదు నిన్ను."

డిస్కులు చల్లబడేదాకా ఆగి, నిప్పిళ్లు వదులు చేసి ఒత్తిడి తీసేశాను. చక్రాలు తేలిగ్గా తిరిగాయి. మొక్కలు పట్టినన్ని వ్యానులోకి మార్చాం, మిగతావి రోడ్డు పక్కనే వదిలేశాం. లారీ డ్రైవరు కూడా చెయ్యేసి ట్రాలీని వెనక్కి తిప్పాడు. మొదటి గేరులో ఇంటికి తెచ్చాం. దారిలో నేను చెప్పి ఉండొచ్చు. ఏడు మలుపులున్నాయి. ఏ మలుపులోనూ చెప్పలేదు.

ఆమె ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. నేను కోరుకున్నది అదేగా.

*

మర్నాడు పొద్దున బేరింగు దుకాణం నిండా జనం. అమ్మాయి కాలిన ప్యాడ్లు వాడి బల్ల మీద పడేసింది.

"ఇదేనా నువ్వమ్మే సరుకు? నిన్న నేను లోయలో ఉండాల్సినదాన్ని. మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా నీకు?"

"అమ్మా, ఒక్క నిమిషం..."

"ఏంటి నిమిషం? మా అమ్మ ఇరవై ఏళ్లు నీ దగ్గరే కొంది. ఆవిడ పోయిందని నాకు నాసిరకం అంటగడతావా? మా నాన్న మూడు రోజులు నడుం విరిగేలా చేశాడు. ముప్ఫై ఏళ్ల మేస్త్రీ. తప్పు ఆయనదంటావా?"

కొనడానికి వచ్చిన వాళ్లంతా తిరిగి చూస్తున్నారు. ఒకాయన తన చేతిలోని డబ్బా తిరిగి బల్ల మీద పెట్టేశాడు. బేరింగు ప్యాడ్లు చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. వాడు ఒకచోట అంతసేపు కదలకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"సరుకు తప్పే అయుంటుందమ్మా," అన్నాడు. "వేరేవి ఇస్తాను. కోప్పడకు."

నిచ్చెన ఎక్కి పై అరలో వెతకడం మొదలుపెట్టాడు.

"దిగు," అన్నాను.

"ఉండు మేస్త్రీ, ఇక్కడే ఉన్నాయి."

"దిగరా. సరుకు తప్పు కాదు. వాల్వు తీయలేదు."

వాడు నిచ్చెన మీదే ఉండి కిందికి చూశాడు. "మర్చిపోయి ఉంటావు. వయసు మీద పడుతోంది కదా. ఎవరికైనా అవుతుంది."

అమ్మాయి కూడా నా వైపు తిరిగింది. మర్చిపోయాను అంటే చాలు. ఆమె నమ్మడానికి సిద్ధంగా ఉంది. మొహంలో అప్పటికే కోపం జాలిగా మారుతోంది.

"మర్చిపోలేదు," అన్నాను.

బేరింగు నిచ్చెన దిగి, కొత్త ప్యాడ్లు, సీళ్లు, ఆయిల్ డబ్బా ఒక సంచిలో వేశాడు. నా చేతికి ఇవ్వలేదు. అమ్మాయి చేతికిచ్చాడు.

"నిన్ను అనవసరంగా అన్నాను," అంది ఆమె వాడితో.

"పర్లేదు తల్లీ. మెల్లగా పోనీయి బండి."

*

ఇంటి గేటు దగ్గర వ్యాను ఆపింది. ఇంజను ఆపి, స్టీరింగు మీంచి చేతులు తీయకుండా అడిగింది.

"ఎందుకు?"

"బాగైతే నువ్వు రావుగా."

వైపరు ఆగిపోయిన చోటే అద్దం మీద నీళ్లు జారుతున్నాయి.

"రమ్మని అడగొచ్చుగా," అంది.

అడగడం నాకు చేతకాదు. పెళ్లయిన ముప్ఫై ఒక్క ఏళ్లలో నా భార్యను కూడా ఏదీ అడగలేదు. అన్నీ చెప్పేవాణ్ణి.

ఆ రోజంతా పనిచేశాను. డిస్కులు నునుపు పట్టించాను. హబ్బులు కడిగి కొత్త గ్రీజు, కొత్త సీళ్లు వేశాను. ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నా చేతులు చూస్తూ కూర్చుంది, మాట్లాడటానికి కాదు. ఇత్తడి నట్టు విప్పినప్పుడు లేచి దగ్గరికి వచ్చింది. వాల్వు తీసి ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్ల మధ్య నలిపి చూసి, దూరంగా విసిరేసింది.

గాలి తీయాల్సి వచ్చినప్పుడు నేను బెల్టు తీసుకున్నాను. ఆమె నా చేతిలోంచి బెల్టు లాగేసుకుంది.

"ఎక్కడ నొక్కాలి?"

చూపించాను. నేను చక్రం కింద పడుకున్నాను.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టు."

"పట్టాను."

"వదులు."

"వదిలాను."

ఒక్కో చక్రానికి పాతిక సార్లు. నిప్పిల్ గొట్టంలో బుడగలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. ఆయిల్ ఒక్కటే తీగలా వచ్చింది. పని అయిపోయింది. అయిపోయాక కూడా నేను ఇంకో రెండుసార్లు నొక్కమన్నాను. ఆమె నొక్కింది. ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు.

చక్రం తిప్పి చూసింది. వేలితో తోస్తే తిరిగింది. వ్యానుకు తగిలించి వీధి చివరిదాకా నడిపి, నాలుగుసార్లు బ్రేకు వేసి, తిరిగి వచ్చింది. వల కింద ఉన్న మొక్కలన్నీ ఎక్కించింది. ఈసారి అన్నీ ఎక్కించింది. చోటు చాలక మిగిలిన నాలుగు కుండీలు ఎదురింటి అరుగు మీద పెట్టి, టైలరమ్మతో, "మీరు ఉంచుకోండి పిన్నీ," అంది.

నాకు చెప్పింది ఒక్క మాట. "ఐదో మలుపులో ఆపి చూసుకుంటాను."

"చూసుకో," అన్నాను.

ఆ సాయంత్రం ఏడు గంటలకు నా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. వాళ్ల ఇంటి ముందు ట్రాలీ. మాటలేమీ లేవు.

*

గురువారాలు పోయాయి. శనివారాలు పోయాయి. వానలు పడుతూనే ఉన్నాయి. వల కింద నేల గట్టిపడి గడ్డి మొలిచింది. నేను షెడ్డుకి పోయేవాణ్ణి, వచ్చేవాణ్ణి. టైలరమ్మ అరుగు మీది మొక్క ఒకటి పూసింది. పేరేంటని ఆవిడ అడిగింది. నాకు తెలియదు. ఇరవై ఏళ్లు నా పెరట్లో పెరిగిన వాటిలో ఒక్కదాని పేరూ నాకు తెలియదు. బేరింగు దుకాణానికి పోవడం మానేశాను. సామాను కావాలంటే ఇంకొకరిని పంపేవాణ్ణి. బేరింగు సామానుతో పాటు, మేస్త్రీ ఎలా ఉన్నాడని అడిగి పంపేవాడు.

వానాకాలం చివర్లో ఒక ఆదివారం పొద్దున ఫోను మోగింది. అల్లుడు.

"బాగున్నారా మామయ్యా?"

"ఆ."

"ఏం లేదు. ట్రాలీ చక్రాలకు గ్రీజు ఎప్పుడు మార్చాలట?"

ఆ 'ట' ఎవరిదో నాకు తెలుసు. ఆమె పక్కనే ఉంది. నెలకా, రెండు నెలలకా అడుగు అని చెబుతోంది. గొంతు మామూలుగానే ఉంది. వెనకాల గిన్నెల చప్పుడు.

నేను ఫోను రెండో చెవికి మార్చాను.

"మామయ్యా, ఉన్నారా? నెలకోసారి మార్చాలంటే మీ దగ్గరికే తేవాలేమో అని..."

నెలకోసారి అంటే నెలకోసారి తెస్తుంది. డిస్కు హబ్బుకి గ్రీజు పట్టించడం అందరికీ రాదు అంటే నమ్ముతుంది. ఇప్పటికీ నమ్ముతుంది. అందుకే అడిగిస్తోంది.

"ఏడాదికి ఒకసారి చాలు," అన్నాను. "వానలు మొదలయ్యే ముందు. అక్కడ ఏ షెడ్డులోనైనా చేస్తారు. ఇంత దూరం తేనక్కర్లేదు."

అతను ఫోను పక్కకి జరిపి చెప్పాడు. అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె ఏదో అంది. నాకు వినపడలేదు.

"సరే అంటోంది మామయ్యా."

నేను కూడా సరే అన్నాను.